ఇంట రోగి ఉండగా తీర్థయాత్ర – ఒక ధర్మవిచారం

కార్తికం, మాఘం వంటి పుణ్యమాసాలు సమీపించినప్పుడల్లా మా చౌడేపల్లె నుండి, చుట్టుపట్ల ఉన్న పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల నుండి యాత్రాబృందాలు బయలుదేరుతుంటాయి. ఉత్సాహంగా పేరు వ్రాయించుకొనేవారు కొందరు. పేరు వ్రాయించి, మరునాడు వచ్చి కొట్టివేయించుకొనేవారు మరికొందరు. ఈ రెండవ కోవకు చెందినవారిని కదిపి చూస్తే చాలామంది చెప్పే కారణం ఒక్కటే. ఇంట్లో భార్యకో, భర్తకో ఆరోగ్యం సరిగా లేదు. "నేను పోతే చూచే దిక్కెవరు? తాను మంచంలో ఉండగా నేను గంగలో మునిగితే అది పుణ్యమవుతుందా?" అని వారి మనస్సు వెనుకాడుతుంది.

ఈ వెనుకాటునే సంకోచం అంటాము. ముడుచుకొనుట అని ఆ మాటకు అర్థం. సాయంకాలం పద్మం ముడుచుకొంటుంది. ముడుచుకొన్నంత మాత్రాన పువ్వు వాడిపోయినట్లు కాదు. వెలుగు చాలలేదని అర్థం. రోగిని విడిచి వెళ్లడానికి సంకోచించే మనస్సు కూడా అటువంటిదే. అది బలహీనత కాదు, భక్తిలోపం అంతకన్నా కాదు. విచారం అనే వెలుగు దానిపై ప్రసరించవలసి ఉన్నది. పెద్దల గ్రంథాలలో ఈ సందేహానికి ఏమి సమాధానం ఉన్నదో, నాకు తెలిసినంతలో పాఠకమహాశయుల ముందు ఉంచుతున్నాను.

కృకలుని నిష్ఫలయాత్ర

పద్మపురాణం భూమిఖండంలో భార్యాతీర్థం అనే మాట వినిపిస్తుంది. గంగాయమునలు తీర్థాలైనట్లే గృహస్థునికి తల్లిదండ్రులు, గురువు, భార్య కూడా తీర్థాలేనని అక్కడి సిద్ధాంతం. దానికి ఉదాహరణగా చెప్పిన కథ కృకలునిది.

కృకలుడు వారణాసిలోని ఒక వైశ్యుడు. ధర్మబుద్ధి కలవాడు. అతని ఇల్లాలు సుకల. అతనికి తీర్థయాత్ర చేయాలన్న కోరిక కలిగినది. తానూ వస్తానని సుకల అన్నది. కృకలుడు ఆలోచించినాడు: దారి కఠినమైనది, ఎండ, ఆకలి, అలసట, ఈ సుకుమారి తట్టుకోలేదు. ఇలా తలచి ఆమెకు చెప్పకుండానే బయలుదేరిపోయినాడు. తెల్లవారి లేచిన ఆమె భర్త కనిపించక, అతని మిత్రులను అడిగి విషయం తెలుసుకొన్నది. అటు తరువాత ఆమె పడిన దుఃఖమూ, ఎదుర్కొన్న పరీక్షలూ పురాణంలో విస్తారంగా ఉన్నవి.

కృకలుడు తీర్థాలన్నీ సేవించి, పితృదేవతలకు శ్రాద్ధాలు పెట్టి, కృతార్థుడనైతినని సంతోషంతో తిరిగి వస్తుండగా, తన పితరులను బంధించి నిలిచిన ఒక దివ్యపురుషుడు ఎదురైనాడు. ధర్మపత్నిని విడిచి చేసిన యాత్ర, శ్రాద్ధం అన్నీ వ్యర్థమైనవని చెప్పినాడు. కృకలుడు ఇంటికి పోయి, సుకలతో కూడి శ్రాద్ధం పెట్టిన తరువాతనే పితరులకు విముక్తి కలిగినది.

ఈ కథ విన్నవారు సాధారణంగా "భార్యను విడిచి యాత్రకు పోరాదు" అని సారాంశం చెబుతారు. అది పొరపాటు కాదు గాని, కథలో ఇంకొక సూక్ష్మం ఉన్నది. కృకలుడు క్రూరుడు కాడు. భార్య కష్టపడుతుందన్న కరుణతోనే అతడు ఆమెను విడిచినాడు. అయినా దోషం ఎందుకు తగిలినది? ఆమెకు ఏది మంచిదో ఆమెను అడగకుండా తానే నిశ్చయించినాడు. అడగని కరుణ అది. పురాణం దానిని ధర్మంగా లెక్కించలేదు.

ప్రవరుడు, కౌశికుడు

తెలుగువారికి సుపరిచితమైన కథ అల్లసాని పెద్దనగారి మనుచరిత్రలోని ప్రవరునిది. అరుణాస్పదపుర నివాసి. నిత్యాగ్నిహోత్రి. ముసలి తల్లిదండ్రులు, ఇల్లాలు, శిష్యులు, అతిథులు, వీరి సేవలోనే అతని రోజు గడిచిపోతుంది. తీర్థాలు చూడాలన్న కోరిక మాత్రం బలంగా ఉన్నది. యాత్రికులెవరు వచ్చినా కూర్చుండబెట్టి క్షేత్రవిశేషాలు అడిగి తెలుసుకొనేవాడు. ఇల్లు విడువలేకను, కోరిక విడువలేకను ఉన్న గృహస్థుని స్థితికి ఇంతకన్నా చక్కని చిత్రం మన సాహిత్యంలో అరుదు. ఒకనాడు ఒక సిద్ధుడు పాదలేపం ఇచ్చినాడు. ఆ పసరు పూసుకొని ప్రవరుడు హిమాలయానికి చేరినాడు. మధ్యాహ్నమయ్యేసరికి ఇల్లు గుర్తుకువచ్చినది. తిరిగి పోదామని చూస్తే మంచుకు పసరు కరిగిపోయినది. అక్కడినుండి అతని కష్టాలు ఆరంభం.

ప్రవరుడు చేసిన యాత్ర ఒక్క పూటది. అయినా ఇంట్లోవారికి చెప్పి, తన పనులు ఒకరికి అప్పగించి, తిరిగివచ్చే మార్గం విచారించుకొని వెళ్లినది కాదు. పోయే దారి ఒక్కటే చూచుకొన్నాడు; తిరుగుదారి మంచులో కరిగిపోయినది.

మూడవది మహాభారతం అరణ్యపర్వంలోని కౌశికుని వృత్తాంతం. తపశ్శక్తితో కొంగను భస్మం చేసిన ఈ బ్రాహ్మణుడు ఒక ఇంటి ముందు భిక్షకు నిలబడినాడు. ఆ ఇల్లాలు ఆకలితో వచ్చిన భర్తకు ఉపచారం ముగించిన తరువాతనే భిక్ష తెచ్చినది. కౌశికుడు కోపించగా, తాను కొంగను కానని చెప్పి, ధర్మసూక్ష్మం తెలియగోరితే మిథిలలోని ధర్మవ్యాధుని వద్దకు పొమ్మన్నది. ఇంతవరకు అందరికీ గుర్తుంటుంది. చివర ధర్మవ్యాధుడు చెప్పిన మాటను చాలామంది మరచిపోతారు. "నీవు వేదాధ్యయనం కోసం తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇల్లు విడిచినావు. నీకోసం ఏడ్చి ఏడ్చి ఆ వృద్ధులు అంధులైనారు. తిరిగి పోయి వారిని సేవించు" అన్నది ఆ మాటల తాత్పర్యం. వేదం చదవడం తప్పని అతడు అనలేదు. అడగకుండా వచ్చినావని అన్నాడు.

మూడు కథలనూ ఒకచోట పేర్చి చూడండి. కృకలుడు భార్యను అడగలేదు. ప్రవరుడు ఎవరికీ చెప్పలేదు. కౌశికుడు తల్లిదండ్రుల అనుమతి పొందలేదు. దోషం ప్రయాణంలో లేదు. అనుజ్ఞ లేకపోవడంలో ఉన్నది. మనం ఏ కర్మ ఆరంభించినా ముందుగా సభలోని పెద్దల అనుజ్ఞ పుచ్చుకొంటాము కదా. రోగి ఉన్న గృహంలో మొదటి సభ రోగి పడుకొన్న మంచమే. మొదటి అనుజ్ఞ అక్కడినుండి రావలసి ఉన్నది.

ఉండిపోవడానికీ అనుజ్ఞ కావలెను

ఇంతవరకు అంగీకరించేవారు సైతం ఒక విషయం గమనించరు. వెళ్లడానికి అనుజ్ఞ ఎంత అవసరమో, మానుకోవడానికీ అంతే అవసరం. "నీకోసమే నేను కాశీ మానుకొన్నాను" అనే మాట పైకి త్యాగంలా వినిపిస్తుంది. మంచంలో ఉన్న మనిషి చెవికి అది ఎలా వినిపిస్తుందో ఆలోచించాలి. తన జబ్బు తనను మాత్రమే గాక తనవారి పుణ్యాన్ని కూడా కట్టివేసినదన్న బాధ ఆ మనిషికి అదనపు రోగమవుతుంది. అడగకుండా వెళ్లిన కృకలుడూ, అడగకుండా ఆగిన గృహస్థుడూ రోగి మాటను పక్కన పెట్టిన విషయంలో సమానులే.

నా ఇంటి సంగతి చెప్పవలసి వస్తున్నది. నా ధర్మపత్నికి నాలుగేండ్ల క్రిందట పక్షవాతం వచ్చి కుడివైపు కాలు, చేయి స్వాధీనం తప్పినవి. మాట కొంత తడబడినా అర్థమవుతుంది. పరిచర్య ఎక్కువభాగం నేనే చేస్తున్నాను. నాకు డెబ్భై ఆరు సంవత్సరాలు నిండినవి. తల్లిదండ్రులకు గయాశ్రాద్ధం పెట్టలేదన్న కొరత నా మనస్సులో చిరకాలంగా ఉన్నది. నిరుడు మాఘమాసంలో బంధువులు పదిహేను రోజుల కాశీ, ప్రయాగ, గయ యాత్ర తలపెట్టి నన్ను రమ్మన్నారు. ఇది తప్పితే ఈ శరీరంతో మరొక అవకాశం దొరుకుతుందన్న నమ్మకం లేదు. కాలు మాత్రం కదలలేదు.

ఆమెను అడిగినాను. నా మాట పూర్తికాకుండానే "వెళ్లి రండి" అన్నది. ఏభై ఏండ్ల కాపురంలో ఆ మాట ఆమెకు అలవాటైన జవాబు. అందువల్ల దానినే అనుజ్ఞగా తీసుకోలేదు. మూడు రోజుల తరువాత ఆమె చేతికి తైలం మర్దన చేస్తూ ప్రశ్న మార్చి అడిగినాను: "నేను లేకపోతే నీకు ఏ వేళ కష్టమవుతుంది?"

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పినది: "రాత్రి మూడింటికి లేవాల్సి వస్తుంది గదండీ. కోడలిని లేపాలంటే నాకు సిగ్గు. ఆ పిల్ల విసుక్కోదు, నిజమే. అయినా సిగ్గు. చెల్లెలుంటే పరవాలేదు." కొంచెం ఆగి మళ్లీ అన్నది: "మీరు గయకు పోలేదనుకోండి, అత్తయ్య మామయ్యల ఋణం నా మంచం మీదికి వస్తుంది. అది నేను మోయలేను."

నాలుగేండ్లుగా పక్కనే ఉన్నా, ఆమె భయమంతా ఆ రాత్రి మూడుగంటల వేళ చుట్టూ తిరుగుతున్నదని ఆ ప్రశ్న వల్లనే తెలిసినది. వెళ్లవచ్చునా, వెళ్లరాదా అన్న పెద్ద సమస్య, రాత్రి ఆమెను లేపేదెవరు అన్న చిన్న సమస్యగా మారినది. చిన్న సమస్యకు పరిష్కారం దొరుకుతుంది. పుంగనూరు నుండి మా మరదలిని వారం ముందుగానే పిలిపించినాము. మందుల వేళలు, ప్రక్కమార్చి పడుకోబెట్టే పద్ధతి, ఆహారం మెత్తగా చేసి తినిపించే తీరు అన్నీ నా ఎదుటనే ఆమె అలవాటు చేసుకొన్నది. మా అబ్బాయి బెంగళూరు నుండి విమానం టికెట్లు తీసినందువల్ల పదిహేను రోజుల యాత్ర ఆరు రోజులకు కుదిరినది. ప్రయాగ మానుకొని, కాశీ, గయ మాత్రం సేవించి వచ్చినాను.

సంకోచం అంతటితో పోయినదా అంటే పోలేదు. కాశీలోనూ, గయలోనూ రాత్రి మూడింటికి ఎవరూ లేపకుండానే మెలకువ వచ్చేది. అయితే అప్పుడది అడ్డగించే సంకోచం కాదు, స్మరణ. సంకోచం పూర్తిగా తొలగిన తరువాత బయలుదేరుదామనుకొంటే ఏ గృహస్థుడూ గడప దాటలేడు. తిరిగివచ్చేసరికి మా మరదలు ఆమె చేత కుడిచేత్తో గ్లాసు పట్టించడం సాధన చేయిస్తున్నది.

చరకుడు చెప్పిన ఉపస్థాత

నమ్మకంగా అప్పగించే మనిషి దొరికినప్పుడే ఇదంతా సాధ్యం. ఆ మనిషిని ఎలా ఎంచుకోవాలో ఆయుర్వేదం చెప్పినది. చరకసంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలున్నవి: వైద్యుడు, ఔషధం, ఉపస్థాత, రోగి. ఉపస్థాత అంటే దగ్గర నిలిచి సేవ చేసేవాడు. అతనికి నాలుగు గుణాలు కావాలి: ఉపచారజ్ఞత, అంటే సేవ చేసే పద్ధతి తెలిసి ఉండటం, దాక్ష్యం, అంటే నేర్పు, రోగిపై అనురాగం, శౌచం. ప్రేమ ఒక్కటే చాలునని చరకుడు అనలేదు. నేర్పు ఒక్కటే చాలుననీ అనలేదు. జీతానికి వచ్చిన సహాయకురాలికి నేర్పు ఉండి రోగితో చనువు లేకపోవచ్చును. దగ్గరి బంధువుకు చనువు ఉండి పద్ధతి తెలియకపోవచ్చును. అందువల్ల బయలుదేరడానికి కొన్ని రోజుల ముందే వారిని రప్పించి, మన ఎదుట సేవ చేయించి చూడటం మంచిది.

ఇందులో మరొక ధర్మం కూడా ఉన్నది. చికిత్సకు ఉపస్థాత ఒక పాదమైనప్పుడు, ఆ పాదం కుంటుపడితే చికిత్సే కుంటుపడుతుంది. ఏండ్ల తరబడి నిద్ర చాలక, మాట్లాడే తోడులేక, తన రక్తపోటునూ మధుమేహాన్నీ పట్టించుకోక సేవచేసే భార్యలనూ భర్తలనూ మన ఊళ్లలో ఎందరినో చూస్తున్నాము. వారు నాలుగు రోజులు విశ్రమించడం రోగికి చేసే ద్రోహం కాదు. అది చికిత్సలో భాగమే. తన చేయి తప్ప మరొక చేయి పనికిరాదన్న భావం సేవచేసేవారికి సహజంగా కలుగుతుంది. ఆ భావంలో ప్రేమ ఎంత, మమకారం ఎంత అని ఎవరికి వారు పరీక్షించుకోవాలి.

వెళ్లేవారికి

పూర్వం తీర్థయాత్ర అంటే తిరిగివస్తామన్న నమ్మకం లేని ప్రయాణం. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరినారు. పదిహేను నెలలకు పైబడిన ఆ యాత్రకు, నేటి నాలుగు రోజుల ప్రయాణానికి ఒకే నియమం అన్వయించదు. దూరం మారలేదు గాని ఎడబాటు తగ్గినది. కనుక దినాలను తగ్గించుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. మూడు క్షేత్రాలలో ఒక్కటే సేవించి త్వరగా తిరిగిరావడం కూడా యాత్రే.

సంకల్పంలో ధర్మపత్నీసమేతస్య అని చెప్పుకొంటాము. ఆమె ఇంట మంచంలో ఉండగా ఆ మాట పలకవచ్చునా అని నన్ను కొందరు అడిగినారు. ఆమె అనుజ్ఞతో వెళ్లినవాడు నిస్సంకోచంగా పలకవచ్చునని నా అభిప్రాయం. తల్లి, తండ్రి, భార్య, సోదరుడు, మిత్రుడు, గురువు, వీరిలో ఎవరిని ఉద్దేశించి తీర్థంలో మునిగితే వారికి ఆ స్నానఫలంలో భాగం లభిస్తుందని స్మృతులు చెబుతున్నవి. రాలేనివారి పేరిట దర్భలతో ప్రతికృతి చేసి ముంచే విధానం కూడా ఉన్నది. భర్త రోగి అయి భార్య యాత్రకు వెళ్లినప్పుడు కూడా ఇదే భావంతో అతని పేరు తలచి మునగవచ్చును. గయలో ఫల్గునదీ తీరాన, రాముడు దగ్గర లేని సమయంలో సీతాదేవి దశరథునికి ఇసుకతో పిండం పెట్టినదన్న స్థలకథ ప్రసిద్ధం. దంపతులలో ఒకరు లేనప్పుడు మరొకరు చేసినది ఇద్దరికీ చెందుతుందన్న భావం ఆ కథలో ఉన్నది.

ఉండేవారికి

అప్పగించదగిన మనిషి లేకపోయినా, రోగస్థితి తీవ్రంగా ఉన్నా, రోగి మనసారా ఒప్పుకోకపోయినా యాత్ర మానుకోవడమే ధర్మం. అప్పుడు దానిని కొరతగా భావించవద్దు. స్కాందపురాణం కాశీఖండంలో అగస్త్యమహర్షి తన భార్య లోపాముద్రకు మానసతీర్థాలను ఉపదేశించినాడు. శ్రీనాథమహాకవి ఈ కాశీఖండాన్ని తెలుగుచేసినాడు. సత్యం, క్షమ, ఇంద్రియనిగ్రహం, సర్వభూతదయ, ఆర్జవం, దానం, సంతోషం, ప్రియవాదిత్వం, ధృతి మొదలైనవన్నీ తీర్థాలే. శరీరం తడిసినంత మాత్రాన స్నానం కాదని, మనస్సు శుద్ధమైనదే పరమతీర్థమని అక్కడ సిద్ధాంతం. రోగి అదే ప్రశ్నను పదవసారి అడిగినప్పుడు పదవసారి కూడా మెత్తగా జవాబు చెప్పడం ప్రియవాదిత్వమనే తీర్థంలో స్నానం. మందు పనిచేయడంలేదని తెలిసిన రోజున కూడా వేళకు మందు ఇవ్వడం ధృతి అనే తీర్థం. ఈ తీర్థాలలో దిగినవారికే వాటి లోతు తెలుస్తుంది.

మరొక మార్గం కూడా ఉన్నది. దూరయాత్ర సాధ్యం కానప్పుడు రోగిని వెంటబెట్టుకొనే ఒక్కరోజు దర్శనం చేయవచ్చును. కాణిపాకం, మొగిలి వంటి క్షేత్రాలు మనకు అందుబాటులో ఉన్నవి. తిరుమలలో వృద్ధులకు, దివ్యాంగులకు ప్రత్యేక దర్శన సదుపాయం ఉన్నది. వైద్యుని అడిగి, రద్దీ లేని రోజు చూచుకొని వెళ్లితే, భార్యాతీర్థం, దేవతాతీర్థం రెండూ ఒకేసారి లభిస్తాయి.

చివరగా మన ప్రాంతపు ఆచారం ఒకటి. బోయకొండ గంగమ్మ సన్నిధిలో అమ్మవారి శిరస్సుపై పువ్వు ఉంచి అనుమతి అడగడం మనందరికీ తెలిసినదే. పువ్వు కుడివైపు పడితే కార్యం అనుకూలమని, ఎడమవైపు పడితే ఆగవలెనని మన పెద్దల నమ్మకం. యాత్రకు వెళ్లాలా వద్దా అని అక్కడ అడిగేవారూ ఉన్నారు. తప్పక అడగండి. కొండకు పోయి అమ్మను పువ్వు అడిగే ముందు, ఇంట్లో మంచం మీద ఉన్నవారిని నోరారా అడగండి. ఒకసారి కాదు, రెండుమూడుసార్లు, ప్రశ్న మార్చి, తొందరపెట్టకుండా అడగండి. వారు చెప్పే జవాబులో అమ్మవారి జవాబు కూడా కలిసి ఉంటుంది.

రోగులకు స్వస్థత, పరిచారకులకు ఓర్పు, గృహాలకు శాంతి కలుగునుగాక.

సర్వే జనాః సుఖినో భవంతు. స్వస్తి.